లాకులో లేచిన పుస్తకాల పడవ

ఆగండి, ఆగండి, చేతిలో పని అక్కడ పెట్టి కాస్త వినండి! రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు బెజవాడ నుంచి బందరు కాలువ మీద ఒక పుస్తకాల పడవ తిరిగేది. వడ్ల బస్తాలు మోసే పడవకే లోపల అలమరాలు బిగించి, రేవు రేవునా ఆపి పుస్తకాలు ఇచ్చేవాళ్లు. అందులో కొత్తగా చేరిన లైబ్రేరియన్ అమలమ్మ, బెజవాడ మిషన్ స్కూల్లో చదువుకున్న హుషారు మనిషి. చేరీ చేరగానే పుస్తకాలన్నీ కిందికి దించి వయసుల వారీగా సర్దేసింది.

"ఇక ఎవరొచ్చినా మొహం చూసి చటుక్కున తీసివ్వొచ్చు, జక్కయ్య బాబాయ్!"

పడవ నడిపే జక్కయ్య తలపాగా సర్దుకున్నాడు. "నా వయసుకి ఏదిస్తావు తల్లీ?"

"వేదాంతం."

"అయితే నాకు చదువు రాకపోవడమే మంచిదైంది."

కంకిపాడు దాటాక లాకుల దగ్గర ఒక నేతగాళ్ల పేట. అక్కడి నుంచి రాఘవమ్మ అనే పదేళ్ల పిల్ల వచ్చేది. అమలమ్మ ఒకసారి పిల్లల అరలోంచి చిలకల కథలిచ్చింది, ఇంకోసారి కుందేళ్లవి. ఆ తర్వాత వచ్చినప్పుడు పిల్ల పుస్తకం తిరిగిచ్చేసి, మరోటి అడక్కుండా రేవు మెట్ల మీదే నిలబడిపోయింది.

"ఏమ్మా, నచ్చలేదా?"

"నాకు నచ్చిందండీ. మా సావిట్లోనే ఎవరికీ నచ్చలేదండీ. మా నాయనమ్మ గుర్రుపెట్టింది. ఈసారి కూడా ఇట్టాంటిదే తెస్తే చదువు కట్టిపెట్టి కండెలు చుట్టమన్నాడండీ మా నాన్న."

అప్పుడు తెలిసింది అమలమ్మకి. ఆ మగ్గాల సావిట్లో చదువొచ్చింది ఈ పిల్ల ఒక్కతికే. మగ్గాలు ఆడుతుంటే మధ్యలో పీట వేసుకుని గొంతెత్తి చదువుతుంది, నాయనమ్మ నుంచి చంటోడి దాకా అందరూ వింటారు. పదేళ్ల పిల్ల కదా అని తను ఇస్తున్న పుస్తకం ఇంటిల్లిపాది మీదా పడుతోంది! ఇప్పుడిచ్చేది కూడా నచ్చకపోతే ఈ పిల్లకి ఇక పుస్తకం లేదు, దారపు కండెలే.

అమలమ్మ అలమర వైపు తిరిగింది. "మీ నాయనమ్మకి ఏం ఇష్టం?"

"పోట్లాటలండీ. వీధిలో ఎవరన్నా అరుచుకుంటుంటే పని మానేసి మరీ వెళ్తుంది."

"నాన్నకి?"

"దొంగల కథలండీ. తమ్ముడికి కోతి."

ఏ అరలోనూ ఇమడక మూలకి నెట్టేసిన అట్ట చిరిగిన నవల ఒకటి గుర్తొచ్చింది అమలమ్మకి. అందులో ఒక పెళ్లి, మాయమైన వడ్డాణం, వియ్యపురాళ్ల యుద్ధం, విడిదింటి కప్పు మీద కోతి! దుమ్ము కూడా దులపకుండా ఇచ్చేసింది.

మరుసటి వారం పడవ బందరు వైపు నుంచి ఎదురెక్కుతూ లాకులోకి దూరింది. వెనక తలుపులు మూసి పై నీళ్లు వదిలితే పడవ మెల్లగా గట్టు ఎత్తుకి లేస్తుంది, అప్పుడు ముందు తలుపులు తీస్తారు. అమలమ్మ తలెత్తి చూస్తే గట్టు మీద సావిడి సావిడంతా! ముందు నిలబడ్డది రాఘవమ్మ తండ్రి వీరభద్రయ్య.

"ఏం పుస్తకం ఇచ్చారండీ అమ్మగారూ!"

"బాలేదాండీ?"

"బాలేకపోవడమా! మా అమ్మ నవ్వి నవ్వి పోగులు తెంపేసింది. చదివిందే మళ్లీ చదివించుకుని ఆఖరు పేజీలు మిగుల్చుకున్నాం, ఈ పిల్ల గొంతేమో బొంగురుపోయింది. మీరే చదవాలండీ. చివర బావుందని మా అమ్మ అందా, ఇక కండెలు నేనే చుట్టుకుంటా, ఇది చదువుకుంటుంది!"

"నీ చేతులు చల్లగుండ, చదువు తల్లీ!" అంది నాయనమ్మ చౌడేశ్వరమ్మ. "ఆ వడ్డాణం తీసింది వంటవాడే, వాడి వాలకం నాకు తెలుసు."

"కాదమ్మా, పెళ్లికొడుకు మేనమామ."

"కోతి!" అన్నాడు చంటోడు.

అమలమ్మ చదవడం మొదలుపెట్టింది. నీళ్లు లేస్తున్నాయి, పడవ లేస్తోంది, మొహాలు దగ్గరవుతున్నాయి. రాఘవమ్మ గట్టు అంచున కూర్చుని పెదాలు కదుపుతోంది. ఆ పిల్ల ఆ రోజు మెట్ల మీద నిలబడకపోతే తను ఇంకా మొహాలు చూసే పుస్తకాలు పంచుతూ ఉండేది. అమలమ్మ గొంతు పెంచి పేజీ తిప్పింది.

కథలో మేనమామ సంచీ విప్పబోతున్నాడు. సరిగ్గా అప్పుడే ముందు తలుపులు తెరుచుకున్నాయి. అవతల బియ్యం పడవల వాళ్లు ఒకటే గోల, "ఓ పుస్తకాల పడవా! దారియ్యి!" పుస్తకం ఇక్కడే వదిలేద్దామంటే, దీని సంగతి విని కంకిపాడు రేవు నుంచి కబురంపిన ఇంకొకరికి ఈ పూటే ఇస్తానని అమలమ్మ మాటిచ్చింది. నాయనమ్మ ఇంకా బావుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు.

జక్కయ్య గడ పైకెత్తి అలాగే ఆగాడు. "పొమ్మంటావా తల్లీ? ఎవరు తీశారో నాక్కూడా తెలియాలి మరి."

అమలమ్మ వేలు ఆఖరి పేజీ మీద ఉంది. మీరైతే ఏం చేసేవారు?