ఆర్డీలియా అక్క సన్మాన భోజనం

నల్లవాళ్ళకి ఎక్కడా గది దొరకని రోజుల్లో మా జార్జియా ఊళ్ళో మావాళ్ళకోసం మొట్టమొదట హోటలు పెట్టింది ఆర్డీలియా అక్క. పాటగాళ్ళు, పాస్టర్లు, పెళ్ళివారు అందరూ ఆమె మంచాల మీద పడుకుని నా చేతి కోడివేపుడు తిన్నవాళ్ళే. నేనక్కడ వంటమనిషిని. నడిబజారులోని తెల్లవాళ్ళ హోటల్లో మనకీ చోటివ్వాలని మా కుర్రాళ్ళు బైఠాయించి జైలుకెళితే, జామీనిచ్చి విడిపించిందీ ఈమే. ఆ తలుపులు తెరుచుకున్నాయి. మావాళ్ళంతా అటే నడిచారు, కృతఘ్నులు!

మా గదుల్లో దుప్పటి నలిగి ఎన్నాళ్ళయిందో. మాకిక మిగిలింది ఏటా మా దగ్గరే పెట్టే చర్చి వార్షికోత్సవ భోజనం ఒక్కటే.

"అదీ పోతే తాళమేనే," అంది అక్క.

ఆల్విన్ వచ్చాడు. ఆమె జైలు నుంచి విడిపించుకొచ్చిన కుర్రాడే, ఇప్పుడు చర్చి కమిటీలో పెద్దమనిషి.

"ఈసారి భోజనం నీ గౌరవార్థమే అత్తా. నువ్వు మాత్రం పొయ్యి ముట్టుకోకూడదు."

"పోరా! నేను వండకపోతే నువ్వు వండుతావా? నీ వంట తింటే నేరుగా స్వర్గానికే," అని నవ్వింది. ఆమె నవ్వి ఎన్ని నెలలైందో!

ఆదివారం పొద్దున్నే ఇద్దరం పొయ్యి వెలిగించాం. కోళ్ళు వేయించాం, పంది ఎముక వేసి ఆకుకూర ఉడికించాం, పిండి రేకులో చిలగడదుంప కూరి తీపి పైలు కాల్చాం. బల్లలన్నిటి మీదా తెల్లగుడ్డలు పరిచాం. చర్చి వదిలే వేళకి అక్క నీలం టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

ఆల్విన్ కారు ఆగింది. "ఎక్కు అత్తా! నడిబజారు హోటల్లో పెట్టించాం. నువ్వు తెరిపించిన తలుపులోంచే నిన్ను తీసుకెళతాం!"

వాడి మొహంలో ఇసుమంత కల్మషం లేదు. అందుకే నాకు ఒళ్ళు మండింది.

"ఓరి దిక్కుమాలినవాడా, లోపలికొచ్చి చూడరా..."

అక్క నా చెయ్యి గట్టిగా నొక్కింది. "ఊరుకోవే. పిల్లాడు ముచ్చటపడ్డాడు."

అక్కడ అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆమె పేరు చెక్కిన ఇత్తడి ఫలకం చేతిలో పెట్టారు. కోడి చప్పిడి, చారు చప్పిడి. అక్క ముద్ద ముట్టలేదు. "బాగా చేశారు నాయనా," అని మాత్రం అంది. నాకు ఏడుపు ఆగలేదు. సంతోషమనుకున్నారు వెధవలు.

తిరిగి వచ్చేసరికి మా బల్లల మీద అన్నీ చల్లారిపోయాయి. అక్క టోపీ తీయకుండానే ఓ కుర్చీలో కూర్చుంది.

"ఆకలేస్తోందే. వడ్డించు. ఆఖరి గిరాకీని నేనే."

వడ్డించాను. ఎముక వరకూ తింది.

"ఉప్పు సరిపోయిందే," అంది. "ఇక పొయ్యి ఆర్పెయ్."

ఆర్పేశాను. మళ్ళీ వెలిగించలేదు.