పన్నెండో భాగం, ఆఖరి ఫారం

“తరంగుడు కామా ఏడు సముద్రాలు ఈదిన అలసటతో కామా ఆ రాతిమెట్ల మీద కూలబడ్డాడు ఫుల్‌స్టాప్. పేరా.”

నూకరత్నం చదువుతోంది. చంద్రరావు చేతిలోని ఎర్రసిరా కలం ప్రూఫు కాగితం మీద వరస వెంట వరస దిగుతోంది. ఆమె ముందున్నది రచయిత చేతిరాత ప్రతి. అతని ముందున్నది కంప్యూటర్ మీద కూర్చి తీసిన ప్రూఫు. ఆమె పలికిందీ అతను చూసిందీ ఒకటైతే కలం ఆగదు. తేడా వస్తే ఆమె పలికిందే ఒప్పు, అచ్చులో ఉన్నది తప్పు. అతను దాన్ని దిద్దుతాడు. రాజమండ్రిలోని ఆ ప్రెస్సు వెనక గదిలో, ఒకే బల్లకు ఇటొకరూ అటొకరూ కూర్చుని, పంచాంగాల దగ్గర్నుంచి పదో తరగతి గైడ్ల దాకా ఇరవై రెండేళ్ళుగా వాళ్ళు అన్నిటినీ ఆ పద్ధతిలోనే దిద్దుతూ వచ్చారు. ఇన్నేళ్ళలో చంద్రరావు చేతిరాత ప్రతిని ఒక్కసారి కూడా తన వైపు తిప్పుకుని చూడలేదు. కష్టపడి చూడవలసినంతటిది అందులో ఏదైనా ఉంటుందని అతను అనుకోలేదు.

అతనికి యాభైనాలుగేళ్ళు. సన్నగా, నిటారుగా ఉంటాడు. చొక్కాకి మెడ గుండీ కూడా పెట్టుకుంటాడు. కళ్ళజోడు ఒత్తుకుని ముక్కుకి రెండు పక్కలా గుంటలు పడ్డాయి. కుడిచేతి చూపుడువేలి కొస ఎప్పుడూ ఎర్రగా ఉంటుంది. వాల్తేరులో తెలుగు ఎం.ఏ. ప్రథమశ్రేణిలో పాసయ్యాడు. ప్రబంధాల మీద పరిశోధన మొదలుపెట్టి, పర్యవేక్షకుడికి భాష రాదని రెండో ఏడు తేల్చుకుని వదిలేశాడు. ఆ తర్వాత ఈ ప్రపంచంలో భాష వచ్చినవాడు అతనికి ఎదురుపడలేదు. పెళ్ళి మాట వచ్చినప్పుడు కూడా ఆ పిల్ల తండ్రి రాసిన ఉత్తరంలో ఆరు తప్పులు లెక్కపెట్టి పక్కన పెట్టాడు. కొవ్వూరులో ఒక గది, గది నిండా పుస్తకాలు, పొద్దున్నే బస్సు, సాయంత్రం బస్సు. ఆ పొద్దున వంతెన మీదికి రాగానే జనమంతా ఒక పక్కకి ఒరిగి ఎర్రటి వరదనీళ్ళను చూశారు. చంద్రరావు చూడలేదు. ఏటా వచ్చేదాన్ని ఏటా నోరు తెరుచుకుని చూసేవాళ్ళ పక్కన కూర్చోవలసి వచ్చినందుకు తల తిప్పుకున్నాడు.

ఇప్పుడతను దిద్దుతున్నది ‘ఏడు గవ్వల కోట’, పన్నెండో భాగం. ఏడాదికొక భాగం చొప్పున పన్నెండేళ్ళుగా వస్తున్న ఆ మాయల కథ రాసేది శ్రీసుధ. శ్రీసుధ అసలు పేరు అమ్మిరాజు. ఆయనకి ఒక రైసుమిల్లూ బారెడు మీసాలూ ఉన్నాయి. కథ ఇంతే: పురిటిలోనే చనిపోవలసిన కొడుకుని బతికించుకోవడానికి ఉదయవల్లి అనే రాణి తన ముఖాన్ని ఒక మంత్రగత్తెకి ఇచ్చేస్తుంది. ఆనాటి నుంచి ఏడాదికొక రూపం. ఒక భాగంలో కొంగ, ఒక భాగంలో పడవ, ఇంకొక భాగంలో గిలక. తల్లిని వెతుక్కుంటూ తిరిగే తరంగుడు ఆపదలో పడ్డప్పుడల్లా ఆ కొంగో ఆ గిలకో వాణ్ణి కాపాడుతుంది. వాడు గుర్తుపట్టడు. పన్నెండేళ్ళు గుర్తుపట్టని ఆ మొద్దుని పిల్లలు వీరుడన్నారు.

పిల్లలు అంతటితో ఊరుకుంటేనా! బళ్ళో వాచకం ముట్టనివాళ్ళు దీనికోసం కొట్టుకున్నారు. మంగలిషాపుల్లో అట్టలూడిన భాగాలు వేలాడాయి. ఈ పుస్తకం మా వాళ్ళకి చదవడం నేర్పిందని పంతుళ్ళు సభలు పెట్టి అమ్మిరాజుకి శాలువాలు కప్పారు. మాతృప్రేమకి అక్షరరూపమని ఒక మండలాధికారి అన్నాడు. తవుడు తినడం నేర్చినవాణ్ణి భోజనప్రియుడు అనరు గదా అని చంద్రరావు ఈ గదిలో అన్నాడు. నూకరత్నం తప్ప ఎవరూ వినలేదు.

మాతృప్రేమ సంగతి అతనికి తెలియకపోలేదు. వాల్తేరులో చదివే రోజుల్లో వాళ్ళమ్మ కోనసీమ నుంచి ఉత్తరాలు రాసేది. మూడో తరగతి చదువు. గుణింతాలు నిలిచేవి కావు. అతను ఆ ఉత్తరాలను ఎర్రసిరాతో దిద్ది, కింద సరైన రూపాలు రాసి, తిరుగు టపాలో పంపేవాడు. మూడో ఉత్తరం తర్వాత ఆవిడ రాయడం మానేసింది. నేర్చుకునే ఓపిక లేకపోయిందని అతను నిర్ణయించాడు. ఆవిడ పోయి పదహారేళ్ళయింది. ఆ నిర్ణయాన్ని మార్చుకోవలసిన అవసరం అతనికి ఇంతవరకూ రాలేదు.

పదకొండింటికి టీ వచ్చింది. టీతోపాటు పాఠకుల కార్డుల కట్ట కూడా వచ్చింది. పిల్లలు రాసే ఆ కార్డుల్లో నాలుగింటిని ఏరి పుస్తకం చివర వేయడం చంద్రరావు పని. తప్పుల్లేని నాలుగు దొరికే దాకా చదివి, మిగతావి చదవకుండా పారేస్తాడు. ఈసారి నాలుగూ కిందటి వారమే దొరికాయి.

నూకరత్నం టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కట్ట వైపు చూసింది. ఆమెకి నలభై ఎనిమిదేళ్ళు. నల్లటి, ఎముక గట్టి మనిషి. గోదావరి ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. తండ్రి పోయాక ఎనిమిదో తరగతి మానేసింది. ఇరవై ఆరో ఏట వచ్చి ఈ బల్ల దగ్గర కూర్చుంది.

“మాస్టారూ, మా ఉమ రాసిందేమైనా ఉందాండి?”

“లేదు.”

“చూశారాండి?”

“లేదన్నానుగా.”

కట్టకున్న పురికొస అతను విప్పనే లేదు. టీ అయ్యాక ఆ కట్టను చెత్తకాగితాల గోనెలో పడేశాడు.

ఉమాశ్రీ ఆమె ఒక్కగానొక్క కూతురు. మొదటి భాగం కూర్పులో ఉన్నప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. బడికి పొమ్మంటే రేవులో దాక్కునేది. పగలు ఇక్కడ చదివిన కథను నూకరత్నం సాయంత్రం ఇంటికి వెళ్ళి దానికి చెప్పేది. చెప్తూ చెప్తూ తన మాటలు నాలుగు కలిపేది. కొంగ చేత తిట్టించేది, పడవ చేత పాట పాడించేది. కొన్నాళ్ళకి పిల్లకి అనుమానం వచ్చింది. అమ్మ ఏది కలుపుతోందో పట్టుకోవాలని పంతం పట్టి అక్షరాలు నేర్చుకుంది. అచ్చయిన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, “ఇదిగో, ఇది నీదే, ఇది ఇందులో లేదు” అని వేలు పెట్టి చూపించేది. ఆ సంగతి నూకరత్నం ఎప్పుడో చంద్రరావుకి చెప్పింది. అతను సగం విన్నాడు.

మిగతా సగం ప్రెస్సులో అందరికీ తెలుసు. రెండేళ్ళ కిందట, రేడియోలు బాగుచేసే ఒక కుర్రాడితో తిరుగుతోందని, నూకరత్నం రేవులో పదిమంది ముందూ కూతుర్ని చెంప మీద కొట్టింది. ఆ సాయంత్రమే పిల్ల వెళ్ళిపోయింది. తుని సంతలో చూశామని ఒకరన్నారు. నూకరత్నం మూడుసార్లు తుని వెళ్ళి వచ్చింది. ఉత్తరం రాద్దామంటే చిరునామా లేదు.

“ఎక్కడున్నా ఈ పుస్తకం మాత్రం కొంటదండి,” అంది ఇప్పుడు, గ్లాసు కింద పెడుతూ. “తిండి మానేసైనా కొంటది. ఆఖరి భాగం కదండీ.”

“తిండి మానడమే మేలు. ఇది చదవడం కంటే.”

“ఇరవై రెండేళ్ళు నా గొంతు విన్నారు. ఒక్కసారైనా కథ విన్నారాండి?”

“విని బాగుపడేదేముంది?”

“ఆయ్, మీరు బాగుపడే రకం కాదులెండి,” అని నవ్వి, ఆమె కాగితాలు సర్దుకుంది.

మధ్యాహ్నం ప్రెస్సు యజమాని పల్లంరాజు గది గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రాలేదు. చెప్పవలసిన మాట వారం కిందటే చెప్పేశాడు. అమ్మిరాజు కంప్యూటర్ కొన్నాడు. ఇకమీద ఆయన గుమాస్తా అక్కడే కూర్చి ఫ్లాపీలో పంపుతాడు. మిగతా రచయితలూ అదే దారి పడుతున్నారు. చేతిరాత ప్రతి లేనప్పుడు దాన్ని చదివి వినిపించే మనిషి దేనికి?

“అయితే ఈ పూటతో అయిపోయినట్టే, నూకరత్నం,” అన్నాడు పల్లంరాజు. పురికొసతో కట్టిన పుస్తకాలు బల్ల చివర పెట్టాడు. “మన ప్రెస్సు గుర్తుగా ఉంచుకో. పదకొండు భాగాలూ ఉన్నాయి.”

“నాకెందుకండీ. నాకొచ్చు.”

పల్లంరాజు అది వినయమనుకుని మెచ్చుకోలుగా నవ్వి వెళ్ళిపోయాడు. అట్ట మడతపడి అమ్ముడుపోని ప్రతులను ఏరి కానుకగా కట్టడంలో ఆయన నేర్పు చంద్రరావుకి కొత్త కాదు. అది దానమని ఆయన నమ్మడమే అసహ్యం.

భోజనాలయ్యాక ఆఖరి ఫారం మిగిలింది. పదహారు పేజీలు. తరంగుడు కోట చేరాడు. మంత్రగత్తె చచ్చింది, రాణికి ముఖం తిరిగివచ్చింది. అమ్మిరాజు శైలి చివరికి వచ్చేసరికి మరీ చిక్కబడింది. అమృతధారలు, వాత్సల్యసింధువులు, కరుణాకటాక్షాలు. చంద్రరావు పెదవి విరుచుకుంటూ దిద్దుతున్నాడు. నూకరత్నం గొంతు ఎప్పట్లాగే ఎత్తూ పల్లం లేకుండా సాగుతోంది.

“తరంగుడు గుమ్మంలో నిలబడి కామా తల ఎత్తలేకపోయాడు ఫుల్‌స్టాప్. కోట్స్. నిన్ను కొట్టిన చెయ్యి ఇదే ఫుల్‌స్టాప్. ఆ రోజు నుంచి ఈ చేత్తో తలుపు గడియ వెయ్యలేదు ఫుల్‌స్టాప్. కోట్స్. అంది తల్లి ఫుల్‌స్టాప్. వాత్సల్యసింధువు పొంగిన కన్నులతో కామా...”

“ఆగు. రెండు వాక్యాలు ఎగరగొట్టాడు ఆపరేటర్ వెధవ. మళ్ళీ చెప్పు.”

ఆమె మళ్ళీ చెప్పింది. మొదటిసారి చెప్పినంత నెమ్మదిగానే చెప్పింది. చంద్రరావు పక్క ఖాళీలో ఎర్రసిరాతో, ముత్యాల్లాంటి తన అక్షరాలతో రాశాడు. రాస్తుండగా అతని చెయ్యి ఒక్కచోట ఆగింది. పన్నెండేళ్ళలో అమ్మిరాజు రాసిన వాటిలో విశేషణం లేని వాక్యం అతనికి తగల్లేదు. ఈ రాణి కొడుకుని ఎప్పుడు కొట్టింది? ఏ భాగంలో? అతనికి తెలియదు. పదకొండు భాగాల్లో ప్రతి అక్షరాన్నీ చూశాడు గాని, కథాసంగ్రహం తప్ప లోపల ఏం జరిగిందో అతనికి తెలియదు.

“సరే, కానియ్,” అన్నాడు.

నాలుగింటికి పని ముగిసింది. నూకరత్నం చేతిరాత కాగితాలను అంచులు కలిపి సర్ది, దారంతో కట్టి బల్ల మధ్య పెట్టింది. కొంగు దులుపుకుని లేచింది.

“వెళ్ళొస్తానండి మాస్టారూ.”

“ఊఁ.”

ఆమె గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. అతను తల ఎత్తలేదు. చెప్పుల చప్పుడు మిషన్ల గదిలోంచి వీధిలోకి వెళ్ళి, వినపడకుండా పోయింది. పదకొండు భాగాల కట్ట ముట్టనిది ముట్టనట్టే బల్ల చివర ఉంది.

అతన్ని ఆ రెండు వాక్యాలు వదల్లేదు. అవి బాగున్నాయి. బియ్యం ఆడించుకునేవాడు, ఆడపేరుతో సభలకెక్కేవాడు, తనకి ఈ జన్మలో రాని రెండు వాక్యాలను ఎలా రాశాడు? పొరపాటున రాసి ఉండాలి. లేదా ఎక్కడో ఎత్తి ఉండాలి. ఆ దొంగతనం ఎలా ఉందో కళ్ళారా చూడాలని, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, చంద్రరావు దారం విప్పి చేతిరాత ప్రతిని తన వైపు తిప్పుకున్నాడు.

తరంగుడు గుమ్మంలో నిలబడి, తల ఎత్తలేకపోయాడు. వాత్సల్యసింధువు పొంగిన కన్నులతో, తల్లి చేతులు చాచింది.

మధ్యలో ఏమీ లేదు. కొట్టివేత లేదు, అంచున రాసినదీ లేదు. కాగితం తిప్పి వెనక చూశాడు. ముందు పేజీ, వెనక పేజీ చూశాడు. అమ్మిరాజు ఆ రెండు వాక్యాలూ రాయలేదు. ఈ భూమ్మీద వాటిని రాసినది ఒక్క తన చెయ్యే.

తునిలోనో మరెక్కడో ఒక పిల్ల ఈ పేజీ మీద వేలు పెట్టి, ఇది ఇందులోది కాదు, అని పట్టుకుంటుంది. ఉత్తరం రాయడానికి చిరునామా దొరకని తల్లి పదివేల ప్రతులు అచ్చువేయించుకుంటోంది, అదీ ఎవరి దస్తూరీతో! చంద్రరావుకి ముందు ఒళ్ళు మండింది. ఆ తర్వాత పొద్దుటి కార్డుల కట్ట గుర్తొచ్చింది. లేచి మూల వైపు చూశాడు. గోనె లేదు. చెత్తకాగితాల బండి మూడింటికే వచ్చి వెళ్ళింది.

కూర్చుని కలం మూత తీశాడు. ఒక అడ్డగీత చాలు. ఎన్నో వేల అడ్డగీతలు గీసిన చెయ్యి.

“అయిపోయాయాండి మాస్టారూ?” కంప్యూటర్ గదిలోంచి ఆపరేటర్ ప్రసన్నకుమార్ వచ్చాడు. ముప్పై ఏళ్ళ మనిషి, సెంటు వాసన, తొందర. కాగితాలు తిరగేసి పక్క ఖాళీలోని ఎర్ర వాక్యాల దగ్గర ఆగాడు. “ఇదేంటండీ? నేను ఒక్క ముక్క వదల్లేదే. స్క్రిప్టులో ఉందాండి ఇది?”

చంద్రరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“రాసింది రాసినట్టు వెయ్యి.”

“రచయితగారు చూస్తే ఏమైనా అంటారేమోనండి.”

“ఆయన తన పుస్తకాలు చదవడు. అందుకే రాయగలుగుతున్నాడు.”

ప్రసన్నకుమార్‌కి ఆ మాట అర్థం కాలేదు. భుజాలెగరేసి కాగితాలు తీసుకుపోయాడు. కాసేపటికి కీబోర్డు చప్పుడు మొదలైంది.

బస్సుకి ఇంకా వేళుంది. చంద్రరావు బల్ల చుట్టూ తిరిగి ఆమె కూర్చునే వైపుకి వచ్చాడు. అటువైపు అతను ఎన్నడూ రాలేదు. బల్లకి ఆ వైపు అంచున, ఆమె చేతులానిన చోట, చెక్క నునుపెక్కి గుంటపడి ఉంది. ఆ గుంట పక్కనే ఒక చిన్న కాగితం మడత మీద, గొంతు పట్టెయ్యకుండా బుగ్గన పెట్టుకునే కరక్కాయ ముక్క, సగం కొరికినది, పంటిగాటు దగ్గర ఇంకా తడి ఆరకుండా ఉంది.