గ్రాండ్ ప్రీలో గ్రిమ్స్‌బీ చేపలవాడు

ఇంగ్లండ్‌లోని గ్రిమ్స్‌బీ రేవు దగ్గర చేపల దుకాణం నడిపే విల్ఫ్ టాస్కర్‌కి రేసుకార్ల పిచ్చి. యుద్ధం నుంచి తిరిగొచ్చాక, పాత ఇనుములో ముక్కాముక్కా ఏరుకొచ్చి, బావమరిది సిరిల్ సాయంతో పెరటి షెడ్డులో ఒక కారు తయారుచేశాడు. పాడుబడ్డ విమానాశ్రయాల్లో ఆదివారాలు జరిగే చిన్నాచితకా పోటీలకి దాన్ని తీసుకెళ్ళేవాడు. ఎప్పుడూ ఐదో స్థానం కన్నా కిందికి పోలేదు. పోటీకి వచ్చేదే ఐదుగురు.

ఆ వేసవిలో గ్రాండ్ ప్రీ అనే పెద్ద కార్ల పందేనికి రావలసిన విదేశీ జట్లు రెండు ఆఖరి నిమిషంలో మానుకున్నాయి. ఖాళీలు నింపడానికి నిర్వాహకులు దొరికినవాళ్ళకల్లా ఫోన్లు చేస్తూ చివరికి విల్ఫ్ దాకా వచ్చారు. ఫోన్ తీసింది అతని భార్య ఎడ్నా.

"ఎవరో లండన్ ఆయన. శనివారం గ్రాండ్ ప్రీలో నడుపుతావా అంటున్నాడు. శనివారం మనకి బేరాలెక్కువ, కుదరదని చెప్పెయ్యనా?" అని కేకేసింది.

విల్ఫ్ చేతిలో చేప జారి కిందపడింది.

ఎడ్నా వద్దనలేదు. "నేనూ వస్తాను. నువ్వు చస్తే ఆ సంగతి పేపర్లో చదివి తెలుసుకునే ఖర్మ నాకేంటి?" అంది.

కారుని చేపల వ్యాన్‌లోకి ఎక్కించి తీసుకెళ్ళారు. ట్రాక్ పక్కన జట్లు నిలబడే కొట్లలో వాళ్ళకి దొరికిన కొట్టు, ఇటలీ ఎర్రకార్ల జట్టుకి ఆనుకుని ఉంది. ఆ జట్టు మేనేజర్ బెల్లాండి వీళ్ళని చూడగానే రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"బావా, ఇంకా ఇంజనే స్టార్ట్ చెయ్యలేదు. అప్పుడే హడలిపోతున్నాడు చూడు!" అన్నాడు సిరిల్.

మిగతా జట్లకి నల్లబోర్డులూ తెల్లటి అంకెలూ ఉన్నాయి. డ్రైవరు ముందునుంచి దూసుకుపోతుంటే ఏ స్థానంలో ఉన్నాడో రాసి చూపించడానికి. ఎడ్నా దుకాణంలో ధరలు రాసే పలకే పట్టుకొచ్చింది.

"దానిమీద మన నంబరు కూడా వెయ్యాలక్కా," అన్నాడు సిరిల్.

"ఎందుకూ? పన్నెండేళ్ళు కాపురం చేశాను, నా మొహం గుర్తుపట్టడా?"

విల్ఫ్ అందరికన్నా వెనక వరసలో బయలుదేరి, అక్కడే స్థిరపడ్డాడు. కాసేపటికే అందరికన్నా ముందున్న ఇటలీ డ్రైవరు గాల్వాన్యీ ఎర్రకారు ఒక చుట్టు తేడాతో అతన్ని దాటిపోయింది. మలుపు దగ్గర విల్ఫ్ భయంతో బ్రేకు తొక్కిన చోట, గాల్వాన్యీ ఇంకా గేరు పెంచుతున్నాడు. ఇన్నాళ్ళూ తను చేస్తున్నది ఏదైనా కావచ్చు గానీ, డ్రైవింగ్ మాత్రం కాదని విల్ఫ్‌కి అర్థమైంది. ఏడుపు రావలసింది పోయి పట్టరాని సంతోషం ముంచుకొచ్చింది. ఆ సంతోషంలో ఎర్రకారు వెంటపడ్డాడు. ఆ వెంటపడడం ఒక్క మలుపుదాకా సాగింది. తరవాత గడ్డిలోకి జారి, గిరగిరా తిరిగి, ముందు చక్రానికి ఇంత గడ్డి చుట్టుకుని మళ్ళీ రోడ్డెక్కాడు.

అది చూడగానే ఎడ్నా పలక అందుకుంది. సుద్దముక్క తీసి పలక నిండా పెద్దక్షరాలతో "మెల్లగా!" అని రాసి, రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. మళ్ళీ దించలేదు. విల్ఫ్ ప్రతి చుట్టులోనూ దాన్ని చూశాడు, చూడనట్టే వెళ్ళిపోయాడు.

రేసు ముగియవచ్చింది. గాల్వాన్యీ మళ్ళీ ఒకసారి విల్ఫ్‌ని దాటడానికి వెనకే వస్తున్నాడు. అతన్ని అంటిపెట్టుకుని ఒక ఇంగ్లీషు కుర్రాడి పచ్చకారు. తన జట్టు కొట్టు పక్కనే ఒక ఆడమనిషి పలకెత్తి ఊపుతూ అరవడం గాల్వాన్యీ కంటపడింది. ఈసారి అరుపుకి భయపడి విల్ఫ్ నిజంగానే వేగం తగ్గించాడు. అది చూసి గాల్వాన్యీ కూడా తగ్గించాడు. పచ్చకారు ఇద్దరినీ దాటేసి గెలిచింది. జనం టోపీలు ఎగరేశారు.

బెల్లాండి రుమాలు పారేసి పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్! మా రేసు నాశనం చేశారు!"

"అరవకండి. నేను రాసింది మా ఆయనకి. మీవాణ్ణెవరు చదవమన్నారు?" అంది ఎడ్నా.

ఇంతలో మొహమంతా నూనె మరకలతో గాల్వాన్యీ వచ్చాడు. అతని ఇంగ్లీషు అంతంతమాత్రం. "ముందర ఏదో ప్రమాదం ఉందనుకున్నాను మేడమ్."

"ఉందిగా నాయనా. నీ ముందే వెళుతున్నాడు."

ఆ మాట అర్థమవగానే గాల్వాన్యీ పొట్ట పట్టుకుని నవ్వాడు. విల్ఫ్ చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ తరవాత తన చేతిని ఒకసారి వాసన చూసుకున్నాడు గానీ, మర్యాదస్తుడు, ఏమీ అనలేదు.

సరిపడా చుట్లు తిరగలేదని విల్ఫ్ పేరు ఫలితాల్లో వెయ్యలేదు. మళ్ళీ ఏ గ్రాండ్ ప్రీకీ అతన్ని పిలవలేదు. ఆ సాయంత్రం వ్యాన్‌లో ఇంటికి బయలుదేరారు. లింకన్ ఊరు దాటాక ఎడ్నా అందుకుంది.

"ఆ ఎర్రకారాయన్ని చూశాను. రెండో మలుపులో నువ్వు బ్రేకు మరీ ముందే వేస్తున్నావు."

"మెల్లగా అని రాసింది నువ్వేగా!"

"మెల్లగా అన్నాను గానీ, అంత మెల్లగానా?"

సిరిల్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. విల్ఫ్ యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కాడు. ఎడ్నా ఈసారి పలక తియ్యలేదు.