దొర చెవులు

దొర హాల్లోకి వస్తే చాలు, కోడలు కొంగుతో ముక్కు మూసుకునేది. ఆమెకు ఏడో నెల. వేవిళ్లు ఎప్పుడో తగ్గాయి గానీ, ఆ కుక్క చెవుల్లోంచి వచ్చే పులిసిన కంపు మాత్రం ఆమెకు సహించడం లేదు.

"ఆదివారం మెకానిక్ వచ్చి దొరని తీసుకెళ్తాడమ్మా. షెడ్డుకి కాపలా కావాలట," అన్నాడు భర్త, తల్లి మొహం చూడకుండా.

అత్తగారు ముప్పై ఏళ్లు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికిన మనిషి. సబ్బుకీ నీళ్లకీ లొంగని మురికి ఉండదని ఆవిడ నమ్మకం. ఇక రోజూ రెండుపూటలా దొరకి స్నానం, ఆ వేలాడే చెవుల్లోకి సబ్బునీళ్లు, పైన తడిగుడ్డతో తుడుపు. అది తల విదిలించి మూలిగేది. కంపు తగ్గకపోగా రెండింతలైంది.

గురువారం పొద్దున కోడలు స్నానాల గది గుమ్మంలో ఆగిపోయింది. అత్తగారు తడినేల మీద చతికిలబడి, దొర తల ఒళ్లో పెట్టుకుని బతిమాలుతోంది.

"ఇంకొక్కసారి ఓర్చుకోరా నాయనా. వాసన పోతే నిన్నెవరూ పొమ్మనరు."

నీళ్లలో నాని ఆవిడ వేళ్లు ముడుతలు పడిపోయాయి. కోడలికి మనసు చివుక్కుమంది.

"లేవండి అత్తయ్యా. డాక్టరుకి చూపిద్దాం."

పశువుల డాక్టరమ్మ దూదిపుల్లతో చెవిలోని గోధుమరంగు గుజ్జు తీసి, గాజుపలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. కోడల్ని కూడా చూడమంది. నడుం దగ్గర నొక్కినట్టున్న ఊదారంగు చుక్కలు, వేరుశనగ కాయల్లా, లెక్కలేనన్ని.

"ఈస్ట్," అంది డాక్టరమ్మ.

"రొట్టెల్లో వేసేదా?"

"దానికి దూరపు చుట్టం. ప్రతి కుక్క చెవిలోనూ కాస్త ఉంటుంది, దాని మానాన అది పడి ఉంటుంది. వెచ్చగా, తడిగా దొరికితే మాత్రం పిల్లాపాపలతో కాపురం పెట్టేస్తుంది. ఇంట్లో చెవులు కడుగుతున్నారా?"

అత్తగారి మొహం పాలిపోయింది. "రోజుకి రెండుసార్లు. అంటే... నేనేనా తల్లీ?"

"మొదలుపెట్టింది మీరు కాదులెండి పెద్దమ్మా. కాకపోతే దాన్ని బాగా మేపారు." డాక్టరమ్మ నవ్వి మందుసీసా చేతికిచ్చింది. "ఇక సబ్బు మీ చేతులకే, దాని చెవులకి కాదు. రెండు వారాలు పొడిగా ఉంచి, పూటకి ఐదు చుక్కలు వేయండి."

"రెండు వారాలా!" ఇంటికొచ్చే బస్సులో అత్తగారు గొణిగింది. "ఆదివారానికి మూడు రోజులేగా ఉంది."

కోడలు మందుసీసా మీద రాసింది చదువుతూ కూర్చుంది.

సాయంత్రం చుక్కలు వేయబోతే దొర ఒకచోట నిలబడదు. అత్తగారు ఒక చేత్తో సీసా, ఒక చేత్తో చెవి పట్టుకుని నానా తంటాలు పడుతోంది. కోడలు గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. ఊపిరి బిగబట్టి, దొర తలని రెండు చేతులా పొదివి పట్టుకుంది.

"ఊ, వేయండి. ఎక్కువసేపు ఊపిరి ఆపలేను."

అప్పుడే వచ్చిన భర్త గుమ్మంలో నిలబడిపోయాడు. "మెకానిక్ ఫోన్ చేశాడు. ఎన్నింటికి రమ్మననూ?"

"షెడ్డుకి మంచి తాళం కొనుక్కోమనండి," అంది కోడలు. "మీరు చూస్తూ నిలబడే బదులు ఆ రెండో చెవి పట్టుకోండి."

అత్తగారు చుక్కలు లెక్కపెడుతూ మూడు దగ్గర తప్పిపోయి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.