ఎం.పి. గారి ఓటు

బాపయ్య మోటారు సైకిలు కళ్ళం పక్కన ఆగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఆడవాళ్ళు ముఖాలకు పాత చీరముక్కలు కట్టుకుని మిరపకాయల్లో తాలు ఏరుతున్నారు. ఎర్రటివి ఒక కుప్ప, తెల్లబారినవి ఒక కుప్ప. షాజాదీ చేతులు మండడం మానేసి చాలా రోజులయింది. పనిలోకి వచ్చిన కొత్తలో రాత్రిళ్ళు మజ్జిగలో ముంచుకునేది. ఇప్పుడు ఆ చేతులు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు ఉంటాయి. ఆడకూలి తొమ్మిది రూపాయలు. బస్తాలు తొక్కే మగవాళ్ళకి పద్దెనిమిది.

కళ్ళం బాపయ్యదే. ఆ ఊళ్ళో ఎం.పి. గారి మనిషీ బాపయ్యే. అతను షాజాదీనీ దేవకుమారినీ పక్కకి పిలిచి, చేతులు కడుక్కుని మంచి చీరలు కట్టుకోమన్నాడు. సాయంత్రం గుంటూరులో ఎం.పి. గారి సభ. అయిదేళ్ళలో ఢిల్లీలో ఏం చేశాడో జనానికి తనే చెప్పుకుంటాడు, పుస్తకం కూడా అచ్చువేయించాడు. అందులో వీళ్ళిద్దరి ఫొటో ఉంది. మైకు ముందు చెరో రెండు మాటలు చెప్పాలి. పురుగుమందుకి చచ్చిపోయిన మా మగవాళ్ళ కోసం ఎం.పి. గారు పార్లమెంటులో కొట్లాడారు, అని. అంతే.

"ఊరికే కాదు" అన్నాడు బాపయ్య. "బాలవాడిలో ఆయా పనులు రెండొస్తున్నాయి. ఆ రెండూ మీకేనని ఆయన నోటితో అన్నాడు."

దేవకుమారి వెంటనే తల ఊపింది. షాజాదీ చేతులకంటిన కారం దులుపుకుంది. ఊ అననిదాన్ని బాపయ్య ఊ అన్నట్టే లెక్క వేసుకున్నాడు.

షాజాదీ భర్త సిలార్ దూదేకులవాడు. వాళ్ళ తాత ఊరూరా తిరిగి పరుపులు కుట్టాడు. సిలార్ నాటికి ఆ పని పోయి, పత్తి చేలకు మందు కొట్టే కూలి మిగిలింది. తెల్లదోమ పట్టి పత్తంతా నల్లబడిపోయిన ఏడు, బాపయ్య చేలోనే, సిలారూ దేవకుమారి మొగుడు జక్రయ్యా వీపులకు పంపులు తగిలించుకుని పొద్దుటినుంచి మందు కొట్టారు. డబ్బా మీద ఒక పేరు, లోపల ఇంకో మందు అని తరవాత ఊరంతా అన్నారు. జక్రయ్య సాలులోనే పడిపోయాడు. అతన్ని లేపబోయిన సిలార్ కూడా నోట నురగతో అక్కడే పడ్డాడు. బాపయ్య ట్రాక్టరు కట్టించి తనే తోలాడు, అబద్ధం ఆడకూడదు. గుంటూరు చేరకముందే ఇద్దరూ పోయారు. తెల్లదోమ మాత్రం చావలేదు.

చుట్టుపక్కల ఊళ్ళలో అలా పోయినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ మందు కంపెనీల మీద విచారణ వేయాలని పార్లమెంటులో తీర్మానం వస్తోందని, పోయిన ఎండాకాలం రైతుసంఘంవాళ్ళు ఇంటికి రెండేసి రూపాయలు చందా ఎత్తి, చనిపోయినవాళ్ళ ఇళ్ళలోంచి కొందర్ని ఢిల్లీ తీసుకెళ్ళారు. రైల్లో రెండు రాత్రుళ్ళు. షాజాదీ అంతకుముందు చీరాల దాటి ఎరగదు.

పార్లమెంటులో పైన మెట్లమెట్లుగా ఉన్న బెంచీల మీద కూర్చోబెట్టారు. ముందుకు వంగకూడదు, మాట్లాడకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు. పక్కన ఎం.పి. గారి పి.ఏ. జయరావు కూర్చుని, కింద ఎవరు ఏమంటున్నారో గుసగుసగా తెలుగులో చెప్పాడు. ఎక్కడో ఉత్తరాది సభ్యుడొకడు లేచి, మందు కొడుతూ చచ్చిపోయిన కూలీల గురించి చాలాసేపు మాట్లాడాడు. తన మొగుడి గురించి ముక్కూ మొహం తెలియని మనిషి అంత గట్టిగా అరవడం షాజాదీకి వింతగా తోచింది. వాళ్ళ ఎం.పి. గారు లేవలేదు. కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

తరవాత గంటలు మోగాయి. తలుపులు మూశారు. సభ్యులు పచ్చదో ఎర్రదో మీట నొక్కగానే గోడ మీద పెద్ద పలకలో ఒక్కొక్కరికీ ఒక్కో దీపం వెలిగింది. పచ్చ దీపం వెలిగితే విచారణ కావాలన్నట్టు, ఎర్ర దీపం వెలిగితే వద్దన్నట్టు, అన్నాడు జయరావు. మన ఎం.పి. గారిది ఏదని షాజాదీ అడిగింది. జయరావు ఒకసారి కింద కూర్చున్న ఎం.పి. గారి వైపు చూశాడు. ఆ తరవాత వేలు పెట్టి చూపించాడు. అది ఎర్రగా వెలుగుతోంది.

ఆ సాయంత్రం ఎం.పి. గారు తన బంగళాలో అందరికీ భోజనం పెట్టించాడు. విస్తళ్ళ మధ్య తిరుగుతూ, పప్పులో ఉప్పు సరిపోయిందా అని పేరు పేరునా అడిగాడు. మా సంగతేమైందయ్యా అని దేవకుమారి అడిగితే, "ఓటు వేశామమ్మా" అన్నాడు. ఫొటో అప్పుడు తీసిందే. తిరుగు రైల్లో షాజాదీ తాను చూసింది దేవకుమారికి చెప్పింది. దేవకుమారి కిటికీలోంచి చూస్తూ, "ఎవరితో చెప్పుకుంటాం అక్కా" అంది. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. తరవాత ఇద్దరూ పత్తి తీశారు, మిరప కోశారు, తాలు ఏరారు. ఎర్ర దీపం గురించి మళ్ళీ అనుకోలేదు.

మంచి చీరలు కట్టుకుని వచ్చాక బాపయ్య వాళ్ళని బస్సులో గుంటూరు తీసుకెళ్ళాడు. ఎం.పి. గారు ట్రావెలర్స్ బంగళాలో దిగి ఉన్నాడు. సభకు ముందు ఒకసారి చూపించాలని గదిలోకి తోసుకెళ్ళాడు. ఎం.పి. గారు కుర్చీలో కాళ్ళు చాపుకుని మాత్రలు వేసుకుంటున్నాడు. మనిషి తగ్గిపోయాడు. పాదాలు వాచి ఉన్నాయి. జయరావు పుస్తకంలోంచి చదివి వినిపిస్తున్నాడు. సభకు హాజరైన రోజులు, అడిగిన ప్రశ్నలు, వేయించిన రోడ్లు. ఆ పైన, పురుగుమందు మృతుల కుటుంబాలను ఎం.పి. గారు తమ సొంత ఖర్చుతో ఢిల్లీకి రప్పించి, వారి పక్షాన సభలో పోరాడారు, అని చదివాడు.

రెండేసి రూపాయల చందా ఎత్తినప్పుడు షాజాదీ అత్త రసూల్‌బీ కొంగుముడి విప్పి తన రెండు రూపాయలూ తీసి ఇచ్చింది. షాజాదీకి అది గుర్తొచ్చింది. కోపం రాలేదు. నీళ్ళలో మునిగిన మనిషికి ఒడ్డు మీది మాటలు వినిపించినట్టు ఆ చదువు వినిపించింది.

"ఏమ్మా, బాగున్నారా? మైకు ముందు భయపడకండి" అన్నాడు ఎం.పి. గారు.

దేవకుమారి నమస్కారం పెట్టింది. షాజాదీ అడిగింది: "అయ్యా, ఆ రోజు మీరు ఎర్రది నొక్కారు గదా?"

బాపయ్య ఆమె రెక్క పట్టుకున్నాడు. జయరావు పుస్తకంలోకి తల దించుకున్నాడు. ఎం.పి. గారు బాపయ్యని వదలమన్నట్టు చెయ్యి ఊపి, నీళ్ళ గ్లాసు కింద పెట్టాడు.

"నొక్కాను" అన్నాడు. "పార్టీ విప్ ఇచ్చింది. విప్ అంటే ఆజ్ఞ. కాదని అటు నొక్కితే నా సభ్యత్వమే పోతుంది. పోనీ నేనొక్కణ్ణి పచ్చది నొక్కితే విచారణ వచ్చేదా?"

"రాదేమోనయ్యా."

"మరింకేం?"

 ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఆయాపని వస్తే నెలనెలా జీతం వస్తుంది. పిల్ల కరీమున్ ఆ బాలవాడిలోనే పడుకుంటుంది, ఇప్పటిలా చూపు ఆనని రసూల్‌బీ చేతుల్లో పెట్టి కళ్ళానికి పోనక్కర్లేదు. ఇవన్నీ బస్సులో వచ్చేటప్పుడు వరసగా అనుకుంది. చెప్పాల్సిన మాటలు కూడా లోపల ఒకసారి అనుకుని చూసుకుంది. "మా కోసం కొట్లాడారు" అనేచోట ఆ కళ్ళజోడు తుడుచుకోవడమే కనబడింది, దాని వెనక సాలులో నోరు తెరుచుకుని పడున్న సిలార్.

"మీరు ఎర్రది నొక్కారని చెప్పమంటే చెబుతానయ్యా" అంది. "మీరు పచ్చది నొక్కినా వచ్చేది కాదని చెప్పమన్నా చెబుతాను. మా కోసం కొట్లాడారని మాత్రం నేను చెప్పను."

ఎం.పి. గారు ఆమెను కొంచెంసేపు చూశాడు. తిడతాడేమోనని ఆమె అనుకుంది. ఆయన జయరావు వైపు తిరిగి, "ఒకావిడ మాట్లాడితే చాలులే. టైం కలిసొస్తుంది" అన్నాడు. చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కున్నాడు.

వరండాలో బాపయ్య ఆయాపని సంగతి మరిచిపొమ్మన్నాడు. దేవకుమారి స్తంభానికి ఆనుకుని నిలబడి, షాజాదీ ముఖంలోకి చూడకుండా అంది: "నాకు ముగ్గురు పిల్లలక్కా."

"ఎరగనా? నువ్వెళ్ళు" అంది షాజాదీ.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు మైకులో దేవకుమారి గొంతు వినపడింది. ఒక్కచోట కూడా తడబడలేదు. మందు పేరు చెప్పింది, జక్రయ్య పేరు చెప్పింది, సిలార్ పేరు కూడా చెప్పింది. మా కోసం కొట్లాడారు అనేసరికి చప్పట్లు కొట్టారు. పక్కన జామకాయలమ్మే ముసలమ్మ, ఎవరిదమ్మా ఆ గొంతు, ఇంత బాగా మాట్లాడుతోంది, అని అడిగింది. మా ఊరామే అని చెప్పింది షాజాదీ.

ఇంటికెళ్ళాక రసూల్‌బీ జరిగిందంతా విని, గోడకి ఆనుకుని కూర్చుంది. "రెండు ముక్కలు అనేసి వస్తే నీ నోరేం అరిగిపోతుందే?" అంది. నిష్ఠూరంగా అనలేదు, అలసిపోయి అంది. షాజాదీ అన్నం వడ్డించింది. ఆమె తింది. షాజాదీ కూడా తింది.

మర్నాడు పొద్దున్నే షాజాదీ ఎప్పటిలాగే చీరముక్క ముఖానికి కట్టుకుని కళ్ళానికి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందంటే తనకే తెలియదు. ఇంకెక్కడికి వెళ్ళాలో తోచలేదు. ఆడవాళ్ళు అప్పటికే వరసగా కూర్చుని ఉన్నారు. బాపయ్య గట్టు మీద నిలబడి బస్తాలు చూసుకుంటున్నాడు.

"నీకు ఇక్కడ పని లేదని విడిగా చెప్పాలా? ఇప్పుడు చెబుతున్నా" అన్నాడు. "ఆయన ముందు నా పరువు తీసినదానివి. ఇంకో కళ్ళం చూసుకో."

ఎవరూ తలెత్తలేదు. కాయలు గలగలమంటున్నాయి. షాజాదీ నిలబడే ఉంది. కళ్ళు నీళ్ళు కారుతున్నాయి గానీ, అవి కారం నీళ్ళు, అక్కడున్న అందరివీ కారుతున్నాయి.

దేవకుమారి వరస చివర ఉంది. ఆమె కూడా తలెత్తలేదు. ముందున్న తాలు కుప్పని రెండు చేతులా పక్కకి నెట్టింది, గంప ఎత్తి అవతల పెట్టింది, ఒళ్ళు కాస్త జరిపింది. ఒక మనిషి కూర్చునేంత చోటు ఏర్పడింది.

బాపయ్య ఆ చోటు చూశాడు. దేవకుమారినీ చూశాడు. ఆయాపని ఇంకా ఎవరి చేతికీ రాలేదు.

షాజాదీ వెళ్ళి ఆ చోట కూర్చుంది.

"లేవమన్నా" అన్నాడు బాపయ్య.

ఆమె ఒక కాయ తీసి ఎర్రటి కుప్పలో వేసింది. ఇంకో కాయ తీసింది. బాపయ్య గట్టు దిగి నడిచి వస్తున్నాడు. పక్కన దేవకుమారి చేతులు కాయల్లో ఆగిపోయాయి.