ఊయల బల్ల మీద గీత

బొజ్జన్న ఫర్నిచర్ షెడ్డులో ఓబుళేశు మాట తర్వాతే ఎవరి మాటైనా. కల్లూరులో కొత్త ఇళ్లు లేవడం మొదలైనప్పటి నుంచీ అతను అక్కడే ఉన్నాడు. బీరువా మూల చితికినా, కుర్చీ చేతికి దెబ్బ తగిలినా, లప్పం పెట్టి, రంగు కలిపి, సన్నటి కుంచెతో టేకు చారలు గీసి ఇచ్చేవాడు. దెబ్బ ఎక్కడుండేదో తెచ్చినవాళ్లే వెతుక్కునేవాళ్లు.

"మా ఓబుళేశప్ప చెయ్యి పడిందంటే మళ్ల చూసుకునే పనే లేదు" అని బొజ్జన్న వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆ మాట వినబడేంత దూరంలోనే ఓబుళేశు పీట వేసుకునేవాడు.

ఎండలు ముదరకముందే ఆ మాట వినబడటం మానేసింది.

షెడ్డుకు ఎదురుగా ప్రసన్నకుమారి అనే ఆమె ఇస్త్రీ బండి పెట్టుకుని ఉండేది. ఆత్మకూరు పక్క పల్లె నుంచి వచ్చింది. ఒకరోజు ఆటోలోకి ఎక్కిస్తుండగా కొత్త టీపాయి చేయిజారి, అంచుకు సొట్ట పడింది. కొన్నాయన అక్కడే నిలబడి అరుస్తున్నాడు. ప్రసన్న ఒక చేత్తో తడిగుడ్డ, ఇంకో చేత్తో ఇస్త్రీపెట్టె పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. సొట్ట మీద పాలిష్ కాస్త గీకించి, గుడ్డను మడిచి వేసి, పెట్టెతో అదిమింది. చుయ్యిమని ఆవిరి లేచింది. గుడ్డ తీస్తే సొట్ట సగం పైకొచ్చింది. మళ్లీ తడిపి మళ్లీ అదిమితే, వేలు పెట్టినా తెలియనంత మట్టమైంది.

"నా బండి పలక మీద చూసినా అన్నా. చెక్క నలిగిందంటే ఆవిరికి ఉబ్బుతాది" అంది బొజ్జన్నతో.

ఆ వారంలోనే బొజ్జన్న ఆమెను పనిలో పెట్టుకున్నాడు.

ఓబుళేశుకు తెలియని పని కాదది. కుర్రతనంలో కడపలో పని నేర్పిన మేస్త్రీ అతనికీ చూపించాడు. కానీ ఆవిరి పెట్టాలంటే పాలిష్ గీకాలి, ఆరనివ్వాలి, మళ్లీ పాలిష్ ఎక్కించాలి. లప్పమైతే పూట పని. అందుకని ఎప్పుడో వదిలేశాడు. తాను వదిలేసిన పనితోనే ఇప్పుడీమె పేరు తెచ్చుకుంటోంది. 

"ఆవిరి పెట్టే ఆయమ్మ యాడప్పా?" అని అడుగుతూ జనం రావడం మొదలుపెట్టారు. ఆమె పెట్టె అదుముతుంటే ఫోన్లు తీసి వీడియోలు పట్టుకునేవాళ్లు. ఎవరూ ఎన్నడూ ఓబుళేశు కుంచెను వీడియో తీయలేదు. దెబ్బ కనబడకుండా చేసే పనిలో చూడటానికేముంటుంది? ఆమెదైతే తమాషా. అతను కుంచె చేతిలో పట్టుకుని, రంగు ఆరిపోతున్నా పట్టించుకోకుండా అటే చూసేవాడు. వేడి ఎక్కువై ఎక్కడైనా పాలిష్ తెల్లబారితే లోలోపల సంతోషం పొంగేది. ఆమె టీ తెచ్చి, "తాగన్నా" అంటే, "ఇప్పుడే తాగినా" అని అబద్ధం చెప్పేవాడు.

అప్పుడొచ్చింది, కొత్తిల్లు కట్టించుకున్న లక్ష్మీదేవమ్మగారి ఊయల బల్ల. అత్తగారి కాలం నాటి టేకు పలక. ఊరి నుంచి ట్రాక్టరులో తెస్తుండగా పైన ఇనుప సామాను పడి ఏడెనిమిది సొట్టలయ్యాయి. గృహప్రవేశానికి ఇంట్లో వేలాడాలి.

"లప్పం గిప్పం పెట్టొద్దు. మా అత్త కూర్చున్న బల్ల అది. ఆవిరి పెట్టే ఆయమ్మే చెయ్యాల" అందామె, ఓబుళేశు ముందే.

ప్రసన్న పొద్దున్నే కూర్చుని ఒక్కో సొట్టనూ బొటనవేలితో తడిమి, చుట్టూ సుద్దముక్కతో గీసుకుంది. "అన్నీ నలిగినవేమ్మా. ఒక్కటీ తెగలేదు. అన్నీ లేస్తాయి" అని లక్ష్మీదేవమ్మకు మాటిచ్చింది.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్లారు. ఓబుళేశు వెళ్లలేదు. బల్ల దగ్గరికి నడిచాడు. ఊరికే చూద్దామనే అనుకున్నాడు. నడిమధ్యన పెద్ద సొట్ట ఉంది. లప్పం గీకే బ్లేడు చేతిలోనే ఉంది. నలిగిన చెక్క లేస్తుంది, నార తెగితే లేవదు. మేస్త్రీ చెప్పిన ఆ మాట అతనికి బాగా గుర్తు. సొట్టలో అడ్డంగా, లోతుగా ఒక్క గీత గీసి, వేలితో దుమ్ము రుద్ది, తన పీట దగ్గరికొచ్చి కూర్చున్నాడు.  ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారియర్ విప్పి, ఆ పూట అన్నం రుచిగా తిన్నాడు.

సాయంత్రం లక్ష్మీదేవమ్మ వచ్చేసరికి మిగతా సొట్టలన్నీ లేచాయి. నడుమది మాత్రం చుట్టూ ఉబ్బి, మధ్యన నోరు తెరుచుకుని ఉంది. ముందుకన్నా వికారంగా కనబడుతోంది.

"ఏమ్మే, అన్నీ లేస్తాయంటివే! బల్ల పగలగొట్టి పెడితివి కదే!" అని ఆమె కేకలేసింది.

ప్రసన్న వంగి ఆ గీతను చాలాసేపు చూసింది. తలెత్తి ఓబుళేశు వైపు ఒక్కసారి చూసింది. తర్వాత బొజ్జన్నతో, "నాతో కాదన్నా ఇది. ఓబుళేశన్న చెయ్యాల" అంది.

ఓబుళేశు చేశాడు. బతుకులో అంత బాగా ఎప్పుడూ చేయలేదు. ఆ బల్ల అడుగునే గీకి చెక్కపొట్టు తీసి జిగురులో కలిపి, గీతలో నింపి, చారకు చార కలిపాడు. లక్ష్మీదేవమ్మ కళ్లద్దాలు పెట్టుకుని వెతికినా దొరకలేదు. "పనిమంతుడంటే ఈయప్ప" అని, గృహప్రవేశానికి భోజనానికి రమ్మంది. బొజ్జన్న పాత మాట మళ్లీ ఎత్తుకున్నాడు. ఇన్నాళ్లూ ఓబుళేశు కోరుకున్నదంతా ఆ పూటే దొరికింది.

మర్నాడు బొజ్జన్న, "ఆయమ్మను బండి కాడికే పొమ్మంటాండా. పెద్దోళ్లతో మాట పడినాం" అన్నాడు.

 ఆమె పోవాలనే కదా అతను కోరుకుంది. అయినా ఎదురుగా రోడ్డవతల, తుప్పు పట్టిన చక్రాలతో పడున్న బండి కంటపడింది. మాట దానంతటదే బయటికొచ్చింది.

"ఆ గీత నేనే గీసినాప్పా. అందరూ అన్నాలకు పోయినప్పుడు, బ్లేడుతో."

బొజ్జన్న అతన్ని పరీక్షగా చూసి పకపకా నవ్వాడు. "ఆయమ్మ కోసరం నెత్తిన ఏసుకుంటాండావా? ఎంత మనసప్పా నీది! సరే, నీ మొగం చూసి ఉండనిస్తా" అని భుజం తట్టి వెళ్లిపోయాడు. ఓబుళేశు ఇంకోసారి చెప్పబోయాడు. వినేవాళ్లు లేరు. సాయంత్రానికి అతని మంచితనం గురించి షెడ్డంతా మాట్లాడుకున్నారు.

ప్రసన్న మాత్రం పని ముగించుకుని వెళ్లేటప్పుడు అతని ముందు ఆగింది.

"నాకు అప్పుడే తెలుసన్నా. పాత దెబ్బలో మురికి ఉంటాది. దాంట్లో చెక్క పచ్చిగా మెరుస్తాండాది."

"మరి చెప్పలేదేమమ్మా?"

"ఎవురికి చెప్పేది? నీ మాట, నా మాట పక్కపక్కన పెడితే బొజ్జన్న ఎవురిది నమ్ముతాడు? నీ మీద నువ్వే చెప్పుకుంటివి కదా, అదే నమ్మలేదు." ఆమె గొంతులో కోపం కూడా లేదు. "ఇప్పుడు నేను నీ దయవల్ల ఈడ ఉండానంట. అది మోసుకుని తిరగాల."

ఓబుళేశు తల దించుకున్నాడు. ఇన్నాళ్లూ ఆమె దగ్గర ఏదో ఉందని కుళ్లిపోయాడు. తన దగ్గరున్న దాన్ని, తన మీద అందరికీ ఉన్న నమ్మకాన్ని, ఒక్కసారీ చూసుకోలేదు.

"ఏం చెయ్యమంటావమ్మా?"

"నా పని మీద చెయ్యి పెట్టొద్దు. అంతే."

మర్నాడు ఆమె తన పని బల్లను షెడ్డు గేటు పక్కకు జరుపుకుంది. ఓబుళేశు గృహప్రవేశం భోజనానికి వెళ్లలేదు. కుళ్లు పోయిందా అంటే పోలేదు. అటునుంచి చుయ్యిమన్న చప్పుడు వినబడితే ఇప్పటికీ అతని కుంచె ఆగుతుంది. పదిమంది ఆమె చుట్టూ మూగితే ఇప్పటికీ ఎంతమందో లెక్కపెట్టుకుంటాడు.

ఆ నెలాఖరులో ఎవరో సొట్ట పడిన దేవదారు పెట్టె తెచ్చి, నేరుగా ఓబుళేశు ముందు పెట్టారు. అతను దాన్ని తడిమి చూశాడు. లప్పం డబ్బా పక్కనే ఉంది. దాని మూత బిగించి, పెట్టెను భుజానికెత్తుకుని గేటు దాకా మోసుకెళ్లి దించాడు.

"నలిగిందమ్మా. నీ పని ఇది."

ఆమె పెట్టె వైపు కాక అతని చేతుల వైపు చూసింది.

"బ్లేడు యాడుండాదన్నా?"

"ఆడనే పెట్టొచ్చినా" అన్నాడు ఓబుళేశు, రెండు అరచేతులూ చూపించి.