విత్తనపు మడుగు

ప్రొక్లెయినర్ బకెట్టు ఇసుకను ఎత్తి లారీలో కుమ్మరించింది. ఇసుకతో పాటు తాబేలు గుడ్లు కూడా పడ్డాయి. గోలీలంత తెల్లని గుడ్లు. వాటి సొన లారీ చెక్కల సందుల్లోంచి కారింది. మంజీర ఒడ్డున నిలబడ్డ జనం అయ్యో అన్నారు. చిన్నయ్య మాత్రం అనలేదు. అతని చూపంతా లారీకి అడ్డం నిలబడ్డ లాజరు మీదే ఉంది.

"ఒక్క తట్ట కూడ పోనియ్య!" అని అరుస్తున్నాడు లాజరు. "ఇసుక పోతె నీళ్లు పోతయి. మా వాడల బోరింగు ఎండింది. రేపు మీది ఎండుతది!"

కంట్రాక్టరు ఆత్మారాం మనుషులు అతన్ని ఈడ్చి పక్కకు పడేశారు. అంగీ చినిగింది, మోచెయ్యి చీరుకుంది. లారీ వెళ్ళిపోయింది. జనం లాజరు చుట్టూ మూగి లేవదీస్తుంటే చిన్నయ్యకు కడుపులో మంట లేచింది. దెబ్బలు తిన్నవాణ్ణి చూసి కూడా అసూయపడే మనిషి ఉంటాడా అంటే, ఉంటాడు. ఆ రోజు మంజీర ఒడ్డున ఉన్నాడు.

లాజరు బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు నరికే కూలీ. వల విసరడం రాదు. చిన్నయ్యదేమో తాతల నాటి నుంచి చేపలు పట్టే ఇల్లు. ఎండాకాలం మంజీర ఎండిపోతే చేపలన్నీ ఊరి కింది మడుగులోకి చేరతాయి. ఉగాది నుంచి మొదటి వరద దాకా అందులో ఎవరూ వల వేయరు. వానలు పడ్డాక నది నిండా పిల్లలు పెట్టేవి ఆ చేపలే. అందుకే దాన్ని విత్తనపు మడుగంటారు. తాబేళ్ళు, నీటికుక్కలు కూడా అక్కడే తలదాచుకుంటాయి. నడి మడుగులో వేపమండ కట్టిన వెదురు గడ పాతితే మడుగు కట్టేసినట్టు. ఆ గడ పాతడం, తీయడం చిన్నయ్య ఇంటివాళ్ళ హక్కు. ఊరు కట్టేసిన మడుగును తవ్వొద్దని ఊరివాళ్ళు మండలాఫీసు నుంచి కాగితం కూడా తెచ్చుకున్నారు.

మర్నాడు బీడీల కార్ఖానా ముందు మీటింగు. ఒళ్ళో చాటలు పెట్టుకుని ఆడవాళ్ళు బీడీలు చుడుతూనే మాట్లాడుతున్నారు. నది కాపలా సంఘానికి పెద్ద ఎవరన్న మాట వచ్చింది.

"లాజరన్న ఉండాలె" అంది రూతమ్మ.

చేతులు లేచాయి. అందులో చిన్నయ్య భార్య గంగుబాయి చెయ్యి కూడా ఉంది.

"గాలం పట్టుడన్న తెల్వనోడు మడుగుకు పెద్దనా?" అని చిన్నయ్య లేచాడు.

"నిన్న లారీ ముంగట నువ్వు నిలవడ్డవా?" అంది గంగుబాయి.

నవ్వులు. ఆ పూట చిన్నయ్యకు అన్నం సయించలేదు. సాయంత్రం లాజరే ఇంటికొచ్చాడు. "అన్నా, నీటికుక్కల బొక్కలు ఏడేడున్నయో జెర సూపియ్యి, గవిట్ల కాడ కూడ కాపలా పెడ్దం" అని అడిగాడు.

"పెద్దవు నువ్వే గద. దేవులాడుకో" అని చిన్నయ్య తలుపేసుకున్నాడు.

ఈ సంగతి ఆత్మారాం చెవిన పడింది. తెల్లారి దారిలో స్కూటరాపి ఒకే ఒక్క మాటన్నాడు. "గడ నీది, పెత్తనం చెరుకు కూలోనిదా చిన్నయ్యా?"

ఆ ఒక్క మాట చాలింది. మిట్టమధ్యాహ్నం తెప్ప వేసుకుపోయి చిన్నయ్య గడ పీకేశాడు. ఊరు తన గుమ్మం ముందుకొచ్చి బతిమాలుతుందనీ, లాజరు అందరికన్నా ముందు నిలబడతాడనీ అనుకున్నాడు. కానీ ముందుగా వచ్చింది ప్రొక్లెయినర్.

"కట్టు తీసింది మీ మనిషే" అన్నాడు ఆత్మారాం ఒడ్డున నిలబడి.

బకెట్టు మడుగులో దిగింది. బురదలో చేపలు ఎగిరెగిరి పడ్డాయి. ఒక నీటికుక్క తన పిల్లను నోట కరుచుకుని ఒడ్డెక్కి, ఎటు పోవాలో తెలియక గిరగిరా తిరిగింది. చిన్నయ్య పరుగెత్తుకొచ్చిన జనం ముందు నిలబడి చెప్పేశాడు.

"గడ తీసింది నేనే. లాజరు మీది కుళ్లుతోని తీసిన."

ఎవరో చెయ్యెత్తారు. లాజరు ఆ చెయ్యి పట్టుకున్నాడు. "గాయిన పీకిండు, గని పీకిపిచ్చిందెవడు? మనల మనకు తగిలిచ్చి ఇసుక ఎత్తుకపోవుడే వాని పని. దిగుండ్రి నీళ్లల్లకు!"

ఈ మాట నాకెందుకు తట్టలేదని చిన్నయ్య అప్పుడు కూడా కుళ్ళుకున్నాడు. అయితే ఈసారి ఆ మంట అతన్ని అందరికన్నా ముందు నీళ్ళలోకి దింపింది. "ఈడ లోతున్నది, నా ఎనుక రాండ్రి" అంటూ రాతిగట్టు మీదుగా నడిపించాడు. మత్తడి గోడ కట్టినట్టు చేతులు పట్టుకుని జనం ఛాతీలోతు నీళ్ళలో నిలబడ్డారు. బకెట్టు వాళ్ళ నెత్తిన ఆగిపోయింది.

పోలీసు జీపు వచ్చింది. "నాయకుడెవడ్రా?" అన్నాడు ఎస్సై.

"నేనే. పేరు లాజరు. రాసుకోండ్రి."

"ముందుగాల నా పేరు రాయి!" అని చిన్నయ్య గొంతు చించుకున్నాడు. "చిన్నయ్య. గీ మడుగు మాది!"

"నాది రాయి, గంగుబాయి!"

"రూతమ్మ! నాది ఇడిసిపెడితె ఊకోను!"

నీళ్ళ నిండా పేర్లే. ఎస్సై కలం మూసి, చేతికి దొరికిన ఇద్దరినీ నీళ్ళలోంచి లాగించి జీపెక్కించాడు. లాజరూ చిన్నయ్యా తడిబట్టలతో పక్కపక్కన కూర్చున్నారు.

"బొక్కలు మూడున్నయి" అన్నాడు చిన్నయ్య, బయటికి చూస్తూనే. "ఇడిసినంక సూపిస్త."

జీపు బోధన్ రోడ్డెక్కుతుంటే వెనక్కి తిరిగి చూశాడు. జనం ఇంకా నీళ్ళలోనే ఉన్నారు. తను నిలబడ్డ చోట, సరిగ్గా బకెట్టు కింద, గంగుబాయి నిలబడి ఉంది. చిన్నయ్యకు ఆమె మీద పట్టలేనంత అసూయ కలిగింది.